రేకు గది, కరెంటు పెట్టె



ఈనాటి మాట రెండు వస్తువుల గురించి. ఒకటి, లారీ మీద తయారై వచ్చే రేకు గది. రెండోది, ఆ గదిలో గోడకు బిగించే కరెంటు పెట్టె. రెండూ ఇప్పుడు పల్లెల్లోకి వచ్చాయి. పాల కేంద్రానికి వచ్చాయి. మంచినీళ్ళ ప్లాంటుకు వచ్చాయి. కరెంటు పెట్టె అయితే ప్రతి బోరు మోటారు కాడా ఉంది.

ఇవి బాగుంటే పని సాగుతుంది. బాగా లేకపోతే డబ్బు పోతుంది. ఒక్కోసారి ప్రాణమే పోతుంది. వానకాలం వస్తే చాలు, మోటారు పెట్టె ముట్టుకుని షాకు కొట్టిందనే కబురు ఏదో ఒక ఊరి నుంచి వినబడుతుంది. అందుకే ఈ సంగతులు ఆడవాళ్ళు తెలుసుకోవాలి.

ఇటుక గది వేరు, రేకు గది వేరు

ఇటుక గది కట్టేటప్పుడు మేస్త్రి ఊళ్ళోనే ఉంటాడు. గోడ లేస్తుంటే అందరూ చూస్తారు. "కిటికీ ఇటు పెట్టు నాయనా, అటు జల్లు కొడుతుంది" అని ఏ పెద్దమ్మో చెబుతుంది. మేస్త్రి నాలుగు ఇటుకలు తీసి సరిచేస్తాడు.

రేకు గదికి ఆ వీలు లేదు. అది పట్నంలో షెడ్డులో తయారవుతుంది. ఇనుప చట్రం, రేకు గోడలు, తలుపు, కిటికీ, వైరింగు అన్నీ అక్కడే బిగిస్తారు. ఊరికి వచ్చాక దింపి కూర్చోబెట్టడమే. పని తొందరగా అవుతుంది. ఊరు మారితే గదిని ఎత్తి తీసుకుపోవచ్చు. ఇదంతా మంచిదే. కానీ గదితోపాటు గదిలోని తప్పు కూడా తయారై వస్తుంది. కిటికీ ఎండవైపు ఉంటే ఎండవైపే ఉంటుంది. తలుపు ఇరుకైతే ఇరుకే. చట్రం కోసి మార్చితే గది బలం పోతుంది.

కాబట్టి ఇటుక గదికి కట్టేటప్పుడు చెప్పే మాట, రేకు గదికి డబ్బు కట్టక ముందే చెప్పాలి. ముందు అడగాలి, తర్వాత కొనాలి. ఈ పాఠంలో అసలు మాట ఇదే.

ఒక సంఘం సంగతి అనుకోండి

ఒక ఊళ్ళో బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. ప్రకాశం, నల్గొండ జిల్లాల్లో అలాంటి ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. లీటరు నీళ్ళలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే పళ్ళు గారపడతాయి. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు వంగుతాయి. ఆ ఊరి ఆడవాళ్ళ పొదుపు సంఘం ఒక నీళ్ళ ప్లాంటు పెట్టాలనుకుంది అనుకోండి. గంటకు 1000 లీటర్ల నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు. దాన్ని ఒక రేకు గదిలో పెట్టాలి. అమ్మేవాళ్ళు వచ్చి బొమ్మలు చూపించారు. "అమ్మా, గది 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. అందరూ ఇదే తీసుకుంటున్నారు" అన్నారు.

సంఘం ఆడవాళ్ళు అప్పుడు ఏమేం అడగాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు యంత్రం కొలత, తర్వాత గది కొలత

చాలామంది గది కొని, అందులో యంత్రం ఇరికిస్తారు. అది తప్పు. ముందు యంత్రాలన్నీ నేల మీద ముగ్గు వేసినట్టు గీసి చూడాలి. మోటారు ఇక్కడ, ఇసుక ఫిల్టరు ఇక్కడ, ట్యాంకు ఇక్కడ, కరెంటు పెట్టె ఇక్కడ అని సుద్దతో గీయాలి. ఆ గీతల మధ్య మనిషి నడిచి చూడాలి. వంగి చూడాలి. బిందె పట్టుకుని తిరిగి చూడాలి.

యంత్రం నిలబడే చోటు ఒక్కటే చాలదు. దాన్ని విప్పే చోటు కూడా కావాలి. నీళ్ళ ప్లాంటులో పొడుగాటి గొట్టాలు అడ్డంగా ఉంటాయి. వాటి లోపల మెంబ్రేను అనే చుట్ట ఉంటుంది. నీళ్ళను శుద్ధి చేసేది అదే. ఊరి ప్లాంట్లలో ఎక్కువగా వాడే మెంబ్రేను 4 అంగుళాల లావు, 40 అంగుళాల పొడవు ఉంటుంది. అరిగిపోయినప్పుడు దాన్ని గొట్టం కొస నుంచి బయటికి లాగాలి. గొట్టం కొసకూ గోడకూ మధ్య 40 అంగుళాలకు పైగా ఖాళీ లేకపోతే మెంబ్రేను బయటికి రాదు. అప్పుడు గొట్టం మొత్తం విప్పాలి. లేకపోతే గోడ కోయాలి. ఈ ఒక్క కొలత ముందే చూసుకుంటే ఆ తిప్పలు ఉండవు.

కరెంటు పెట్టె ముందు కూడా ఖాళీ ఉండాలి. కనీసం 1 మీటరు ఖాళీ ఉండాలని కరెంటు నిబంధనల్లోనే ఉంది. షాకు కొడితే వెనక్కి పడటానికి చోటు కావాలి కదా! అక్కడ డబ్బాలు, చీపుళ్ళు, బస్తాలు పెట్టకూడదు.

తలుపు సంగతి. గదిలోని పెద్ద యంత్రం ఆ తలుపులో నుంచి బయటికి వస్తుందా? గోడలు బిగించక ముందే యంత్రాన్ని లోపల పెట్టి తెస్తే, పాడైన రోజున అది బయటికి రాదు. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల పొగ వస్తే మనిషి తోసుకుని బయటపడాలి. లోపలికి తెరిచే తలుపుకు ఏ డబ్బా అడ్డం పడినా బయటికి దారి ఉండదు.

ఊరి బాటలో గది వస్తుందా?

ఈ గదులు 8 అడుగుల వెడల్పే ఎందుకు ఉంటాయి? లారీ మీద పట్టాలి కాబట్టి. ఓడల్లో సరుకు తెచ్చే ఇనుప కంటెయినరు కూడా 8 అడుగుల వెడల్పే. పొడవు 20 అడుగులు, లేదా 40 అడుగులు. ఎత్తు 8 అడుగుల 6 అంగుళాలు. ఆ కొలతల వెనక రోడ్డు కొలత ఉంది.

కానీ ఊరి బాట హైవే కాదు. మలుపులో లారీ తిరుగుతుందా? బాట మీద కరెంటు తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయి? గదిని దింపడానికి క్రేను కావాలి. క్రేను చెయ్యి పైకి లేస్తుంది. పైన తీగలు ఉంటే అది పెద్ద అపాయం. ఆ పూటకు లైను ఆపమని కరెంటు ఆఫీసులో ముందే చెప్పాలి. గదిని ఎత్తేటప్పుడు కింద ఎవరూ నిలబడకూడదు. పిల్లలు చూడ్డానికి పరుగెత్తుకొస్తారు. వాళ్ళను దూరంగా ఉంచాలి.

కొందరు పాత ఓడ కంటెయినరునే గదిగా చేసి అమ్ముతారు. అది గట్టిదే. కానీ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. దాని బలం నాలుగు మూలల స్తంభాల్లో, ముడతల గోడల్లో ఉంది. కిటికీల కోసం గోడ ఇష్టం వచ్చినట్టు కోస్తే బలం తగ్గుతుంది. కోసిన చోట ఇనుప చట్రం వెయ్యాలి. ఇంకొకటి, ఆ కంటెయినర్ల కింది చెక్కకు పురుగు పట్టకుండా మందు పట్టిస్తారు. తాగే నీళ్ళు, తిండి వస్తువులు ఉండే చోట ఆ చెక్కను అలాగే ఉంచకూడదు. తీయించాలి, లేదా పైన వేరే నేల వేయించాలి.

కింద నేల, చుట్టూ నీళ్ళు

రేకు గదిని మట్టి మీద పెడితే అడుగు తుప్పు పడుతుంది. ఒక మూల కుంగుతుంది. మూల కుంగితే చట్రం వంకరపోతుంది. తలుపు పట్టేస్తుంది. కాబట్టి సిమెంటు దిమ్మెల మీద పెట్టాలి. నాలుగు మూలల కింద దిమ్మె తప్పకుండా ఉండాలి. పొడుగు గదికి మధ్యలో కూడా ఉండాలి. దిమ్మెలన్నీ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో నీళ్ళ గొట్టం పట్టి చూడాలి. ఏ మేస్త్రికైనా ఆ పని వచ్చు.

దిమ్మె ఎంత ఎత్తు ఉండాలి? ఇది పట్నం ఇంజనీరుకు తెలియదు. ఊళ్ళో ముసలమ్మలకు తెలుసు. "ఆ ఏడు వరదలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి?" అని వాళ్ళను అడగాలి. ఆ గుర్తు కంటే పైకి గది అడుగు ఉండాలి. కరెంటు పెట్టె ఇంకా పైన ఉండాలి.

నీళ్ళ ప్లాంటు శుద్ధి చేసిన నీళ్ళతోపాటు వదిలేసే నీళ్ళు కూడా ఉంటాయి. చాలా ప్లాంట్లలో అవి సగం దాకా ఉంటాయి. ఆ నీళ్ళు గది చుట్టూ నిలిస్తే దిమ్మెల కింద మట్టి మెత్తబడుతుంది. గది దిగే రోజుకే కాలువ, గుంట సిద్ధంగా ఉండాలి. ఆ నీళ్ళలో ఫ్లోరైడు, ఉప్పు ఎక్కువగా ఉంటాయి. తాగడానికి, పశువులకు పెట్టడానికి పనికిరావు.

ఇంకొక తప్పు చాలా చోట్ల కనబడుతుంది. రేకు గది నెత్తిన నీళ్ళ ట్యాంకు పెడతారు. 1000 లీటర్ల నీళ్ళంటే 1000 కిలోలు. అంటే ఒక టన్ను. మామూలు రేకు గది కప్పు అంత బరువు మోయడానికి చెయ్యలేదు. ట్యాంకుకు వేరే స్టాండు కావాలి.

గాలి వస్తే గది నిలుస్తుందా?

"ఇంత బరువుంది, ఇదెక్కడికి పోతుంది?" అంటారు. లెక్క చూద్దాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. కట్టడాల కోసం భారత ప్రమాణాల్లో ఒక గాలి పటం ఉంది. అందులో కోస్తాకు లెక్కలో తీసుకోమన్న గాలి సెకనుకు 50 మీటర్లు. గంటకు లెక్కేస్తే అదే 180 కిలోమీటర్లు. హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు. అంటే తుపాను రాని చోట కూడా గాలి భయం ఉంది.

అలాంటి గాలి 20 అడుగుల గోడను తాకితే తోపు రెండు టన్నులకు పైమాటే. ఖాళీ ఇనుప కంటెయినరు బరువు కూడా ఇంచుమించు అంతే. పలచని రేకు గది ఇంకా తేలిక. కాబట్టి బరువును నమ్ముకోకూడదు. దిమ్మెలో లోతుగా పాతిన బోల్టులకు గది చట్రాన్ని బిగించాలి. బోల్టులు కాంక్రీటు పోసేటప్పుడే పెట్టాలి. అంటే బోల్టులు ఎక్కడెక్కడ రావాలో చూపే కాగితం గది కంటే ముందు ఊరికి రావాలి.

ఎండ, చెమట

రోహిణి కార్తెలో రేకు మీద చెయ్యి పెడితే కాలుతుంది. లోపల పనిచేసే మనిషికి ఊపిరి ఆడదు. యంత్రానికి కూడా అంతే. కరెంటు పరికరాల్లో కెపాసిటరు వంటి భాగాలు ఉంటాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు ఇంచుమించు సగం తగ్గుతుంది. స్విచ్చులు కూడా వేడికి ఊరికే పడిపోతుంటాయి.

అందుకే ఒంటి రేకు గది కొనకూడదు. రెండు రేకుల మధ్య వేడిని ఆపే పొర ఉండాలి. కొన్నింటిలో నురుగు పొర ఉంటుంది. కొన్నింటిలో రాతి ఊలు ఉంటుంది. నురుగు పొర వేడిని బాగా ఆపుతుంది. కానీ అంటుకుంటే చెడ్డ పొగ వస్తుంది. రాతి ఊలు కాలదు. కరెంటు పెట్టె ఉన్న గోడకైనా రాతి ఊలు అడగడం మేలు. గది పైన జానెడు ఖాళీ వదిలి ఇంకొక కప్పు వేస్తే ఎండ దాని మీదే పడుతుంది. తెల్ల రంగు వేడిని తక్కువ పీలుస్తుంది. నల్ల రంగు, ముదురు నీలం ఎక్కువ పీలుస్తాయి.

వేడి గాలి పైకి పోతుంది. కాబట్టి గాలి లోపలికి వచ్చే కంత కిందివైపు, బయటికి పోయే కంత పైవైపు ఉండాలి. రెండింటికీ సన్నని జాలీ కొట్టాలి. వాన జల్లు పడకుండా కిందికి వంగిన రేకులు పెట్టాలి.

ఇంకొక సంగతి. తెల్లవారుజామున రేకు చల్లబడుతుంది. లోపలి గాలిలోని తడి ఆ రేకు మీద బొట్లు కడుతుంది. అన్నం గిన్నె మీద మూతకు లోపల చెమట పట్టినట్టే. ఆ బొట్లు యంత్రాల మీద రాలతాయి. వాన పడకపోయినా తుప్పు పడుతుంది. గోడలో వేడి ఆపే పొర, గాలి ఆడే కంతలు ఉంటే ఈ చెమట తగ్గుతుంది.

కరెంటు పెట్టె

ఇప్పుడు గది లోపలి పెట్టె చూద్దాం. స్విచ్చులు, స్టార్టరు, మీటర్లు అందులో ఉంటాయి. ఈ పెట్టెకు మూడు పనులు. మనిషి చెయ్యి తీగకు తగలకుండా ఆపాలి. నీళ్ళు, దుమ్ము, బల్లి, చీమ లోపలికి పోకుండా ఆపాలి. లోపలి వేడిని బయటికి వదలాలి. ఇందులో ఒక చిక్కు ఉంది. వాన రాకుండా అన్నీ మూసేస్తే వేడి పోదు. వేడి పోవడానికి కంతలు పెడితే వాన వస్తుంది. అందుకే కొంచెం పెద్ద పెట్టె తీసుకుని, దాన్ని నీడలో పెట్టాలి. ఆరుబయట ఉంటే పైన చిన్న రేకు గొడుగు కట్టాలి.

పెట్టె ఎంత గట్టిగా మూసుకుంటుందో దాని మీదే రాసి ఉంటుంది. రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. వాటిని ఐపీ అంటారు. మొదటిది ఒక నిలువు గీత. రెండోదానికి నిలువు గీత పైన కుడివైపు సున్నా చుట్టినట్టు ఉంటుంది. పక్కన రెండు అంకెలు ఉంటాయి. అంకెలు చదవడం వస్తే చాలు. మొదటి అంకె దుమ్ము సంగతి చెబుతుంది. అది 5 అయితే కొద్దిగా దుమ్ము పోయినా చెరుపు చెయ్యదు. 6 అయితే దుమ్ము అసలు పోదు. రెండో అంకె నీళ్ళ సంగతి చెబుతుంది. 4 అయితే చిందిన నీళ్ళు ఏమీ చెయ్యవు. 5 అయితే పైపుతో కొట్టిన నీళ్ళకు కూడా ఆగుతుంది. గది లోపల 54 ఉంటే సరిపోతుంది. ఆరుబయట 55కు తక్కువ తీసుకోకూడదు.

కానీ ఈ అంకెలు కొత్త పెట్టెకే. ఎలక్ట్రీషియను వచ్చి పైన ఒక కంత పొడిచి తీగ దూరిస్తే ఆ అంకెలకు విలువ లేదు. తీగ ఎప్పుడూ పెట్టె అడుగు నుంచి రావాలి. పైనుంచి వస్తే వాన నీళ్ళు తీగ వెంబడే లోపలికి పోతాయి. తీగ దూరిన కంతకు గ్లాండు బిగించాలి. అది తీగ చుట్టూ బిగుసుకునే మూత. గ్లాండు లేని కంతలో నుంచే బల్లి దూరుతుంది. రెండు తీగల మీద పడి కాలిపోతుంది. దాంతో మోటారు ఆగుతుంది, ఊరికి నీళ్ళు ఆగుతాయి.

సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పు గాలికి ఇనుప పెట్టె తొందరగా తుప్పు పడుతుంది. అక్కడ స్టీలు పెట్టె గానీ ఫైబరు పెట్టె గానీ మేలు. నీళ్ళ ప్లాంటులో బ్లీచింగు పొడి ఉంటుంది. దాని ఘాటు ఇనుమునూ రాగినీ తినేస్తుంది. బ్లీచింగు డబ్బాను కరెంటు పెట్టె ఉన్న గదిలో పెట్టకూడదు.

రేకు గదిలో షాకు

అక్కలారా, ఇది చాలా ముఖ్యమైన మాట. ఇటుక గోడకూ రేకు గోడకూ ఒక పెద్ద తేడా ఉంది. రేకులో కరెంటు పారుతుంది. రేకు అంచుకు రాసుకుని ఒక తీగ పైపొర తెగితే గది గదంతా కరెంటు అవుతుంది. తడి చేతితో తలుపు పట్టుకున్న మనిషికి షాకు కొడుతుంది. ఇంట్లో వచ్చే కరెంటు 230 వోల్టులు. మూడు ఫేజుల మోటారుకు వచ్చేది 415 వోల్టులు. రెండూ ప్రాణం తీసేవే.

దీనికి మూడు కాపలాలు కావాలి.

ఒకటి. తీగ రేకులో దూరిన ప్రతి చోటా రబ్బరు బుష్‌ ఉండాలి. తీగలన్నీ గొట్టాల్లో నడవాలి.

రెండు. ఎర్తు. గది చట్రానికీ, కరెంటు పెట్టెకూ, మోటారుకూ ఎర్తు తీగ కట్టాలి. పెట్టె తలుపుకు కూడా విడిగా ఎర్తు తీగ ఉండాలి. మడతబందులను నమ్మకూడదు. అవి తుప్పు పడతాయి. ఎర్తు గొట్టం భూమిలో కనీసం రెండున్నర మీటర్లు దిగాలి. జానెడు కడ్డీ దిగ్గొట్టి "ఎర్తు అయిపోయిందమ్మా" అంటే ఒప్పుకోకూడదు. ఎండాకాలంలో ఎర్తు గుంటలో నీళ్ళు పోస్తుండాలి. మట్టి ఎండితే ఎర్తు పనిచెయ్యదు.

మూడు. ఆర్‌.సి.సి.బి. అనే స్విచ్చు. మామూలు ఎం.సి.బి. స్విచ్చు తీగను కాపాడుతుంది, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. పడిపోవాలంటే 16 ఆంపియర్లకు మించి కరెంటు పారాలి. మనిషికి అపాయం 30 మిల్లీ ఆంపియర్ల దగ్గరే మొదలవుతుంది. 16 ఆంపియర్లంటే దానికి 500 రెట్లకు పైనే. అందుకే మనిషికి షాకు కొట్టినా ఎం.సి.బి. పడదు. ఆర్‌.సి.సి.బి. అలా కాదు. దాని మీద 30 మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉంటే, అంత కరెంటు దారి తప్పగానే సెకనులో మూడో వంతు లోపే లైను తెంపేస్తుంది. దానికి ఒక చిన్న టెస్టు బటను ఉంటుంది. నెలకోసారి నొక్కి చూడాలి. నొక్కగానే స్విచ్చు పడిపోవాలి. పడకపోతే పాడైందని అర్థం. వెంటనే మార్పించాలి.

ఈ పనులన్నీ లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనే చెయ్యాలి. చేశాడో లేదో చూసేది మాత్రం సంఘమే.

వాడే మనిషికి అందాలి

ప్లాంటు నడిపేది ఎవరు? సంఘం ఆడవాళ్ళే. మరి స్విచ్చులు ఎవరి చేతికి అందాలి? ఆరడుగుల మనిషికి కాదు, నడిపే మనిషికి. స్విచ్చులు ఆమె రొమ్ము ఎత్తున ఉంటే స్టూలు ఎక్కే పని ఉండదు. ఎత్తైతే స్టూలు వేస్తారు. తడి నేల మీద స్టూలు జారుతుంది.

అన్నీ ఒక్కసారి ఆపేసే ఎర్ర బటను ఒకటి ఉంటుంది. పుట్టగొడుగు ఆకారంలో ఉంటుంది. అది తలుపు పక్కనే ఉండాలి. అపాయం వచ్చినప్పుడు నీళ్ళ మధ్య నడిచి లోపలికి పోకుండా బయటి నుంచే చెయ్యి పెట్టి నొక్కాలి.

తడి ఒక వైపు, కరెంటు ఒక వైపు ఉండాలి. కరెంటు పెట్టె మీదుగా నీళ్ళ గొట్టం పోకూడదు. ఏ అతుకు కారినా పెట్టె మీదే పడుతుంది. నీళ్ళు పట్టే కుళాయిలు గది బయట ఉండాలి. అప్పుడు జనం లోపలికి రారు. 20 లీటర్ల క్యాను నిండితే 20 కిలోలు. దాన్ని నేల మీద నుంచి ఎత్తితే నడుం పడుతుంది. క్యాను పెట్టే అరుగు నడుం ఎత్తున ఉంటే, పక్కకు జరిపి చంకన పెట్టుకోవచ్చు, సైకిలు మీద పెట్టుకోవచ్చు. అరుగు మీద నీళ్ళు నిలవకుండా వాలు ఉండాలి. ఇది చిన్న సంగతి అనిపిస్తుంది. రోజుకు నలభై క్యాన్లు ఎత్తే మనిషికి చిన్నది కాదు.

కాగితం మీద రాయించుకోవాలి

అమ్మేవాళ్ళు నోటితో అన్నీ చెబుతారు. నోటిమాట లారీతో రాదు. కొటేషనులో ఉన్నదే వస్తుంది. సంఘంలో చదవడం వచ్చినవాళ్ళు కొటేషను పైకి చదవాలి. మిగతావాళ్ళు వినాలి. ఈ ప్రశ్నలు ఒక తెల్ల కాగితం మీద రాసుకుని, ఒక్కోదానికి జవాబు రాయించుకోవాలి.

1. యంత్రాలన్నీ పెట్టాక నడిచే చోటు ఎంత? మెంబ్రేను లాగే చోటు ఉందా?
2. కరెంటు పెట్టె ముందు 1 మీటరు ఖాళీ ఉందా?
3. తలుపు వెడల్పు ఎంత? బయటికి తెరుచుకుంటుందా?
4. గోడలో ఏ పొర ఉంది? ఎంత మందం?
5. ఎంత గాలికి నిలుస్తుంది? బోల్టుల కాగితం ఎప్పుడు ఇస్తారు?
6. కరెంటు పెట్టె మీద ఐపీ అంకెలు ఎంత? తీగలు అడుగు నుంచి వస్తాయా?
7. ఎర్తు ఎవరు వేస్తారు? ఎంత లోతు?
8. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌.సి.సి.బి. ఉందా?
9. స్విచ్చులు, అరుగు ఎంత ఎత్తున ఉంటాయి?
10. దింపే ఖర్చు, క్రేను ఖర్చు, దిమ్మెల ఖర్చు ఎవరివి?
11. పాడైతే ఎన్ని రోజుల్లో వస్తారు?

ఒక ప్రశ్నకు జవాబు రాకపోతే ఆ రోజుకు డబ్బు కట్టకూడదు. "ఏముందిలే అమ్మా, అన్నీ మేం చూసుకుంటాం" అంటే, "ఆ మాటే కాగితం మీద రాయి బాబూ" అనాలి. జవాబులన్నీ వచ్చాక సంఘమంతా కూర్చుని ఇంకోసారి చదవాలి. ఆ తర్వాతే సంతకం పెట్టాలి.

గది దిగిన రోజున ఆ కాగితం మళ్ళీ తియ్యాలి. టేపు పట్టి కొలతలు చూడాలి. ఐపీ అంకెలు చూడాలి. టెస్టు బటను నొక్కించి చూడాలి. అన్నీ సరిపోయాకే మిగతా డబ్బు ఇవ్వాలి. ఆ కాగితాన్ని సంఘం పుస్తకంతోపాటు దాచాలి. రేపు ప్లాంటు నడపడానికి కొత్తగా వచ్చే అమ్మాయికి కూడా అది పనికొస్తుంది.